రోడ్డుకి అవతలి ఆసుపత్రి

"చేతి గుండీ ఊడిపోయిందమ్మా. కాస్త కుట్టిపెడతావా?"

దర్జీ ఆమె మిషన్ మీంచి తలెత్తింది. గుమ్మంలో ఎవరో పెద్దాయన. ఎన్నడూ చూడని ముఖం.

ఈయనే అయ్యుంటాడు!

పొద్దున్నే మేడమీది ప్లీడరు గుమాస్తా చెప్పి వెళ్లాడు.

"కొత్త రాష్ట్రం బిల్లు ఎల్లుండే పార్లమెంటులో. సరిహద్దు గీత మన రోడ్డు మీదే. మనం ఇటు, ఆసుపత్రి అటు."

"మన అసెంబ్లీ ఒప్పుకోదుగా అన్నయ్యా?"

"అభిప్రాయం అడుగుతారంతే. ఒప్పుకున్నా గీస్తారు, ఒప్పుకోకపోయినా గీస్తారు. రాజ్యాంగమే ఆ అధికారం ఇచ్చింది."

గుమాస్తా గొంతు తగ్గించాడు.

"ఎవడో వీధిలో ఆరా తీస్తున్నాడు. అటు వైద్యం చేయించుకునేవాళ్లను కనిపెట్టి, ముందే వాళ్ల ఆరోగ్య కార్డులు రద్దు చేస్తారట. ఎవరడిగినా ఆసుపత్రితో మాకు పనిలేదని చెప్పు. వీధంతా అదే మాట మీదుంది."

లోపలి గదిలో అత్తగారు. కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఆ ఆసుపత్రిలో యంత్రం మీద రక్తం శుభ్రం చేస్తేనే ఊపిరి. ఇప్పుడైతే రోడ్డు దాటితే చాలు. ఆ కార్డు పోతే, ఈవైపు ఇంకో ఆసుపత్రికి రోజంతా బస్సులో పోవాలి. అంత దూరం ఆవిడ తట్టుకోలేదు.

పెద్దాయన స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపాడు. ఆమె చేతికందిన దారం సూదికెక్కించింది. తెల్లచొక్కాకి నల్లదారమని కూడా చూసుకోలేదు. తొందరలో సూది ఆయన మణికట్టుకి గుచ్చుకుంది.

"అయ్యో!"

"ఫర్వాలేదులే తల్లీ. ఎదురుగా పెద్దాసుపత్రే ఉందే. మీకు బాగా అక్కరకొస్తుందా?"

"మాకేం పనండీ దాంతో?"

"ఎప్పుడూ వెళ్లలేదా?"

"గుమ్మం తొక్కలేదండీ."

"వీధిలో ఇంకెవరైనా?"

"ఎవరూ వెళ్లరండీ."

ఆయన ముఖం చిన్నబోయింది. "అందరూ ఇదే మాట. కాస్త ఆలోచించి చెప్పమ్మా."

లోపల్నుంచి అత్తగారి కేక. "ఎవరే వచ్చిందీ? ఆసుపత్రికి టై..."

ఆమె గుండీ దారం తెంపి, ఒక్క ఉదుటున మిషన్ ముందు కూలబడి గడగడా తొక్కేసింది. సూది కింద బట్టే లేదు.

"ఆవిడేదో అంటున్నారే?"

"కాఫీ అడుగుతోందండీ మా అత్తయ్య."

ఆయన లేచాడు. గుమ్మంలో ఆగి ఆసుపత్రి వైపు కాసేపు చూశాడు. తర్వాత వెళ్లిపోయాడు.

ఆమె గొళ్లెం పెట్టి, తలుపుకి ఆనుకుని నిలబడింది.

"గండం గడిచింది అత్తయ్యా."

"నీ మొహం! డాక్టరు గుక్కెడు మంచినీళ్లే లెక్కపెట్టి తాగమంటే, నాకు కాఫీ పోస్తావా? పాపం, ఆ పెద్దమనిషికైనా ఇచ్చావా?"

ఇవ్వలేదు.

ఎల్లుండి రానే వచ్చింది. ఆమె మేడమీదికి పరుగెత్తేసరికి గుమాస్తా టీవీకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"మన పంట పండిందమ్మా! ఎవరో సభ్యుడు సవరణ పెట్టాడట. గీత మన ఇళ్ల వెనకాల కాలువకి జరపమంటున్నాడు. అప్పుడు మన వీధి కూడా ఆసుపత్రితోపాటే కొత్త రాష్ట్రంలోకి పోతుంది. మంత్రి కూడా సరేనంటున్నాడు!"

ఆమె రెండు చేతులూ జోడించింది. "ఎవరో మహానుభావుడు! నూరేళ్లు బతకాలి."

గుమాస్తా వీపు వెనకనుంచి టీవీలో గొంతు వినిపించింది.

"ఆసుపత్రి దూరమైతే ఆ వీధివాళ్ల గతేమిటన్న బెంగతోనే ఈ సవరణ పెట్టాను అధ్యక్షా. వాళ్లనే అడుగుదామని స్వయంగా వెళ్లి గడపగడపా తిరిగాను. ఆసుపత్రితో తమకు పనిలేదని వాళ్లే చెప్పారు. వాళ్లకి అక్కరలేనిది వాళ్ల నెత్తిన రుద్దే హక్కు నాకు లేదు. నా సవరణ ఉపసంహరించుకుంటున్నాను."

ఆమె గుమాస్తాని పక్కకి తోసింది.

మైకు ఆపడానికి చాచిన ఆ చేతికి, తెల్లచొక్కా మీద, నల్లదారంతో కుట్టిన గుండీ ఉంది.