ఖాళీ చేయించిన కుప్ప

ఉప్పాడ ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎండు నాచుకుప్పను తట్టలకెత్తి చెత్తబండి దగ్గరకు మోస్తున్నాను. దేశాన్ని ఒక్కణ్నే కాపాడుతున్నట్టు నేను ముఖం పెడితే, చెల్లి దుర్గాశ్రీ వీడియో తీస్తోంది.

చేపలమ్మే పాపాయమ్మగారు నా తట్టలో చెయ్యి పెట్టారు.

“ఇందులో ఉన్నోళ్లని ఎక్కడికి పంపుతున్నావు బాబూ?”

“చచ్చిన నాచండీ. ఇందులో ఎవరుంటారు?”

ఆవిడ అరచెయ్యి చాపారు. నిండా ఇసుకపురుగులు గెంతుతున్నాయి. పిల్లపీత ఒకటి వేలు పట్టుకుంది.

“మా ఇల్లు సముద్రం పట్టుకుపోయినప్పుడు కూడా ఆఫీసరుగారు కారు దిగకుండానే ‘ఇక్కడెవరూ ఉండట్లేదు’ అని రాసుకుపోయారు.”

‘నేను బైకు దిగానండీ’ అనబోయాను. తట్టను మళ్లీ కుప్ప మీదే బోర్లించాను.

“ఇదీ వీడియో తియ్యనా అన్నయ్యా?”

“తియ్యి.”

ఒడ్డు శుభ్రం చేస్తానని వచ్చి, చెత్త పోసి వెళ్లిన మొదటి సంఘసేవకుణ్ని నేనే.