కాణిపాకం ఒట్టు

“నిజం సెప్పు మే! బెల్లం యాడ తిన్నావు?”

వసంతమ్మ చేతిలో చింతబరిక. ఎదురుగా గోడకు ఆనుకొని కూతురు మునిలక్ష్మి. పన్నెండేళ్ల పిల్ల, దెబ్బ పడడానికి ఆ ఒంట్లో చోటెక్కడుంది, ఎముకలూ చర్మమూ తప్ప! అయినా రెండు తగిలించింది తల్లి.

“తినలేదుమా, నీ తోడు.”

“తినకుంటే నీ ఉచ్చలో సక్కెర యాడినుంచి వచ్చింది? డాక్టరు ఆ నీలం మందులో పోసి కాగబెడితే ఎర్రగా తిరిగిండ్లా? ఆకాశం నుంచి ఊడిపడిందా?”

పిల్ల ఏడవలేదు. చెంబెత్తి గటగటా నీళ్లు తాగింది. ఆ జబ్బులో దాహం తీరదు.

ఐరాలలో వాళ్లది చెరుకు రైతు ఇల్లు. పెరట్లో గానుగ, పక్కనే పాకం పొయ్యి, అటక నిండా బెల్లం అచ్చులు. అలాంటి ఇంట్లో పిల్లకు చక్కెర జబ్బు! దేవుడు ఎగతాళి చేశాడు, అంతే.

చిత్తూరులో డాక్టరు పరంధామయ్య మొదటే చెప్పాడు. “ఈ వయసులో వస్తే రోజూ సూది వేయాల్సిందే. ఈ యుద్ధకాలపు బొగ్గు బస్సులో దినమూ తిరగలేవు గాని, నువ్వే నేర్చుకో వసంతమ్మా. సూది కాచి వాడు. మందు చల్లటి చోట పెట్టు. తీపి మాత్రం ముట్టనీయకు.” వంకాయ మీద పొడిచి పొడిచి నేర్చుకుంది ఆమె.

కాచడం సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా! పెద్దకొడుకు దేవరాజులును వాంతిభేది పొట్టన పెట్టుకున్నప్పటినుంచి ఆ ఇంట్లో కాచని నీళ్లు ఎవరి గొంతూ దిగలేదు. పాలు, గుడ్డలు, ఆఖరికి పిల్ల తాగే చెంబు కూడా మరిగే నీళ్లలో మునగాల్సిందే. “నీకు కాచే పిచ్చి పట్టింది మే” అని మొగుడు ధనంజయ నవ్వేవాడు. సూది వేసే వేళ వంటింటి గడప ఎవరినీ తొక్కనిచ్చేది కాదు. పని ముగించి మందు సీసాను తడి ఇసుక కుండలో పదిలంగా దాచేది.

ఇంత చేసినా పిల్ల కరిగిపోతూనే ఉంది. డాక్టరు మందు పెంచాడు, మళ్లీ పెంచాడు. నీలం ఎర్రబడుతూనే ఉంది. చివరికి కళ్లజోడు తుడుచుకుంటూ, “బిడ్డ దొంగచాటుగా ఏదో తింటోందమ్మా. ఇట్లాగే సాగితే దక్కదు” అన్నాడు.

ఆ మాటకే ఈ చింతబరిక.

“నాతో కాదు, కాణిపాకం దేవుడి ముందర సెబుదువు, పద!”

“పదమ్మా” అంది పిల్ల.

ఆ వినాయకుడి ముందు అబద్ధమాడి బాగుపడినవాడు లేడని ఆ చుట్టుపక్కల అందరి నమ్మకం. ఎంతటి దొంగైనా గుడి వాకిలి చూడగానే ఒప్పేసుకుంటాడు. ధనంజయ బండి కట్టాడు. తలమీద నీళ్లు పోసుకొని, తడిబట్టలతో వణుకుతూ దేవుడి ఎదుట నిలబడింది మునిలక్ష్మి.

“బెల్లం ముట్టలేదు సామీ. పాకం ముట్టలేదు. చెరుకు గడ కూడా నమల్లేదు. మా యమ్మ పెట్టిందే తిన్నాను.”

గొంతు ఎక్కడా తడబడలేదు. వసంతమ్మ అక్కడే కూలబడి పిల్లను ఒడిలోకి లాక్కుంది. “నిన్ను కొట్టిన ఈ చేతులు పడిపోనూ!”

“పోనీలేమ్మా. నాకు బతకాలని ఉండాది.”

మర్నాడు పిల్ల లేవలేకపోయింది. ధనంజయ ఒక్కడే చిత్తూరుకు పరిగెత్తాడు. ఒట్టు సంగతి డాక్టరుకు చెప్పాడు.

“తినలేదంటే మందులోనే లోపముండాలప్పా. దీనికి వేడి పడదు. వేడి తగిలితే ఉత్త నీళ్లే. యుద్ధం రోజులు, ఏ ఓడలో మగ్గి వచ్చిందో! మద్రాసు పోయి తాజా సీసా పట్టుకురా. ఆలస్యం చేస్తే పిల్ల ఉండదు.”

ధనంజయ తిండీ నిద్రా లేకుండా పోయి వచ్చాడు. తడిగుడ్డ చుట్టిన సీసాను భార్య చేతిలో పెట్టి, “పాత మందు చెడిపోయిండాదంట. ఇది తాజాది. ఇంక భయం లేదు మే” అంటూనే మంచం మీద ఒరిగి నిద్రపోయాడు.

మునిలక్ష్మి బలవంతాన కళ్లు తెరిచింది. ఊపిరిలో మాగిన పండు వాసన, జబ్బు ముదిరిన గుర్తు. “మందు వచ్చిందామ్మా?”

“వచ్చింది తల్లీ. మీ నాయన తెచ్చినాడు. ఇంక నీకేం కాదు.”

వసంతమ్మ చేతులు కడుక్కొని వంటింట్లోకి నడిచింది. ఎన్నాళ్లకో ఆమె మనసు తేలికపడింది. పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నాయి. ఆ నీళ్లలో సూది వేసింది, సిరంజి వేసింది. తడిగుడ్డ విప్పి సీసాను కళ్లకద్దుకుంది. ఎన్ని ఊళ్లు తిరిగి, ఎందరి చేతులు మారి వచ్చిందో ఏమో!

ఎప్పటిలాగే మందు సీసానూ ఆ మరిగే నీళ్లలోనే వేసింది.