అక్క ఇంట్లో హోరు

"ఒరేయ్ చిన్నోడా, ఈ డబ్బా పట్టుకుపోరా. దీని హోరు నేను పడలేను," అంది అక్క, హాల్లో పెద్ద టీవీ కింద ఉన్న కంప్యూటర్‌ని చూపిస్తూ.

కంప్యూటర్లు బిగించి అమ్మడం తమ్ముడి పని. ఇంట్లోనే హాయిగా కూర్చుని పాత సినిమాలు చూసుకోవాలని అక్క ముచ్చటపడితే, మూడు నెలల కిందట తనే దీన్ని తయారుచేసి తెచ్చిచ్చాడు. "అన్నీ కొత్త సామానే అక్కా," అని నోరారా చెప్పాడు కూడా.

"మొదట్లో అలాగే ఉంటుంది, వాడగా వాడగా సర్దుకుంటుందన్నావు. ఏదీ? మాట ఒక్కటీ సరిగ్గా వినపడదు. ఎవడు ఎవణ్ణి ఎందుకు తిడుతున్నాడో తెలియకుండానే సినిమా అయిపోతోంది. పోనీ మధ్యాహ్నం ఓ కునుకు తీద్దామంటే పడగ్గదిలోకి కూడా వచ్చేస్తోంది, మాయదారి హోరు!"

"గోడ అదురుతోందేమో అక్కా," అన్నాడు తమ్ముడు నేలచూపులు చూస్తూ.

"ఏమో, అవన్నీ నాకేం తెలుసు? నిన్ననట్లేదురా. పాపం, నువ్వు కష్టపడి చేసిచ్చావు. అనుభవించే రాత నాకే లేదు."

తిట్టినా బాగుండేది. డబ్బా చంకన పెట్టుకుని, కాఫీ తాగి వెళ్ళమంటున్నా వినకుండా బయటపడ్డాడు.

కొట్లో డబ్బా మూత తీయగానే అతని భార్య ముక్కున వేలేసుకుంది. సరుకంతా చూసుకునేది ఆమే. ఏ ముక్క ఎక్కడిదో ఇట్టే గుర్తుపడుతుంది.

"ఈ ఫ్యాను మనం తుక్కులో పడేసింది కదండీ! ఈ హార్డ్ డిస్కు టకటకా కొట్టుకుంటోందని స్కూలువాళ్ళు తిప్పి పంపింది. వీటిని తీసుకెళ్ళి వదినకి అంటగట్టారా?"

"మన ఇంటి మనిషే కదా, ఏమనుకుంటుందిలే అని..."

"ఆహా! ముక్కూమొహం తెలియనివాళ్ళకి కొత్తవి, ఇంటి మనిషికి తుక్కూనా? ఏం న్యాయమండీ ఇది?"

"తిట్టు. ఇంకో నాలుగు తిట్టు," అన్నాడతను కూలబడుతూ.

నిజానికి ఆ పనిలో ఉన్నవాళ్ళ ఇళ్ళన్నీ మిగిలిపోయిన ముక్కలతోనే నడుస్తాయి. అందులో వింతేమీ లేదు. కానీ పాతవాటిని కొత్తవని చెప్పి ఇచ్చాడే, పైగా మూడు నెలలు మాటలతో మభ్యపెట్టాడే, అదే అతన్ని లోపల్నుంచి తొలిచేస్తోంది. ఆ పూట అన్నం కూడా సయించలేదు.

మర్నాడు ఇద్దరూ కొత్త సరుకున్న అటకలన్నీ వెతికి ఒక్కో ముక్కా ఏరారు.

"ఈ ప్రాసెసర్ పెడదాం. మహా జోరుగా పనిచేస్తుంది," అన్నాడతను.

"వదిన సినిమాలు చూస్తుందా, రాకెట్లు ఎగరేస్తుందా? వేడెక్కనిది చూడండి. వేడి లేకపోతే ఫ్యానుకి పరుగే ఉండదు."

అదీ నిజమే. చిన్న ఫ్యాను గింగిరాలు కొడుతూ గోల చేస్తుంది కనుక, అరచేతికన్నా పెద్దదీ, నింపాదిగా తిరిగేదీ తీశారు. హార్డ్ డిస్కు బదులు, లోపల కదిలే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ పెట్టారు. తేలిక పనికి ఫ్యాను తిప్పనే తిప్పని పవర్ సప్లై దొరికింది. స్క్రూల కింద రబ్బరు బిళ్ళలు వేశారు. ఇక మిగిలింది ఇవన్నీ బిగించే డబ్బా, క్యాబినెట్. లోపలి గోడలకి మెత్తని స్పాంజి అతికించినది కొట్లో ఒక్కటే ఉంది. అతను దాన్ని లాగేసుకున్నాడు.

"అయ్యో, అది లాయరుగారు చెప్పి చేయించుకుంటున్నదండీ!"

"ఆయనకి ఇంకోటి తెప్పిద్దాం. నాలుగు రోజులు ఆగితే ఆయన కొంపేం మునగదు."

అంతా బిగించి ఓ సినిమా మొదలుపెట్టి, ఇద్దరూ చెరోపక్కా చెవి ఆనించారు. ఫ్యాను తిరుగుతోందో లేదో మూత తీసి కళ్ళతో చూస్తే తప్ప తెలియలేదు. అతని మొహంలో రెండ్రోజుల తర్వాత కాస్త కళ వచ్చింది.

"ఇవ్వడం కాదు, ఉన్న సంగతి చెప్పి మరీ ఇవ్వండి," అంది భార్య.

అక్క ఇంట్లో టీవీ వెనక్కి దూరి వైర్లు తగిలిస్తున్నప్పుడు, మొహం కనపడదు కదా అన్న ధైర్యంతో నోరు విప్పాడు.

"అక్కా, నీకో మాట చెప్పాలి. మొదట ఇచ్చింది... పాత సామాను. కొట్లో ఎవరికీ పనికిరానివి. కొత్తవని అబద్ధం చెప్పాను."

సోఫాలో కూర్చున్న అక్క ముందుకు వంగింది.

"ఎంత వెధవ్విరా నువ్వు!" అంది. ఆ వెంటనే నవ్వేసింది. "ఈమాత్రానికే అలా నక్కి నక్కి చెప్పాలా? నేనేం కొరుక్కు తింటానా?"

తమ్ముడికి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇది మాత్రం నిజంగా కొత్తదే అక్కా. నా మీద ఒట్టు. ప్రతి ముక్కా ఏరి ఏరి పెట్టాను. ఇంక నీకు హోరన్నదే ఉండదు."

"సరేలే, చూద్దాం," అని అక్క వెనక్కి వాలి, చెవులు రిక్కించింది.

కాసేపయ్యేసరికి ఆమె మొహంలో నవ్వు తగ్గిపోయింది. ఒకసారి డబ్బా వంక, ఒకసారి టీవీ వెనక కనపడుతున్న తమ్ముడి వీపు వంక చూసింది. వాడింత తాపత్రయపడ్డాక ఏ నోటితో చెప్పడమా అని నసిగింది.

"ఏమీ అనుకోకురా చిన్నోడా... ఇదీ అంతే. అచ్చం అదే హోరు."

టీవీ వెనక తమ్ముడు బిగుసుకుపోయాడు. కంప్యూటర్ ప్లగ్గు ఇంకా అతని చేతిలోనే ఉంది.