శనివారం ఇల్లు

"శనివారం తప్ప ఏ రోజైనా అడుగమ్మా, కాదనను," అంటూ ఆ ఇల్లాలు తలుపు దగ్గరగా వేసేసింది.

సీతారావమ్మ మెట్లు దిగి కొంగుతో కొడుకు మొహం తుడిచింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి జూన్. అబ్బ, ఏం ఎండ! నందిగామ ఎండ బెజవాడ ఎండ ముందు ఎందుకూ పనికిరాదు. సోమవారం బడి తెరుస్తారు. ఈలోగా నరసింహానికి తిండి ఏర్పాటు చూడాలి. రోజుకొక ఇంట్లో తిని చదువుకునే వారాల పిల్లాడికి ఏడు రోజులకీ ఏడిళ్ళు కావాలి కదా! ఆరు కుదిరాయి. శనివారమే మొండికేసింది. వెయ్యదూ మరి? సత్యనారాయణపురంలో సగం కొంపల్లో శనివారం వెంకన్న పేరు చెప్పి ఒంటిపూట. తామే ఇన్ని అటుకులు నమిలి పడుకునేవాళ్ళు పరాయి పిల్లాడి కోసం పొయ్యి రాజేస్తారా?

"శనివారం కుదరకపోతే నన్నేమీ అనకమ్మా," అని పక్కనే నడుస్తున్న వెంకటరత్నమ్మ గారు మళ్ళీ గుర్తుచేసింది. పిల్లాడికి తన వీధరుగు పక్క గది ఊరికే ఇస్తానన్న ముసలావిడ. "వారానికొక రోజు పస్తు పడుకునే పిల్లాణ్ణి నేను చూడలేను. నందిగామ బస్సెక్కించేస్తా."

బయల్దేరేటప్పుడు సీతారావమ్మ అన్నయ్య బ్రహ్మయ్య కూడా నందిగామలోనే ఉండమన్నాడు, ఇంకాస్త మోటుగా.

"నందిగామలో హైస్కూలు పెట్టుకుని బెజవాడ ఏమిటే? ఆ ఊళ్ళో మనకెవరున్నారని?"

"ఇక్కడ చదివితే తాలూకా ఆఫీసు గుమ్మంలో అర్జీలు రాసుకుంటాడన్నయ్యా."

"రాసుకోనీ. గడప గడపకీ తిరిగి అడుక్కు తినడం కన్నా నయమే."

అయినా ఆవిడ పెట్టె సర్దింది. పుట్టిన దగ్గర్నుంచీ వదిన విసిరిన మెతుకులు ఏరుకుని పెరిగాడు పిల్లాడు. అదేమన్నా వారాల కన్నా గొప్ప బతుకా? అందుకే అన్న మాట పెడచెవిన పెట్టి బస్సెక్కింది.

"ఈ వీధి చివర మేడ ఒకటి మిగిలింది కదండీ," అంది సీతారావమ్మ మెల్లిగా. "అక్కడా అడిగేద్దాం."

"ప్లీడరు దశరథరామయ్య గారిల్లా!" ముసలావిడ ఆగిపోయింది. "ఆ ఇల్లాలు వెన్నపూసే కానీ, ఆయన పిల్లికి బిచ్చం పెట్టని మనిషి."

"అడిగి చూద్దాం. కాదంటే మనదేం పోయింది?"

మేడ గేటు దగ్గరికి వచ్చాక సీతారావమ్మే వెనక్కి తగ్గింది. "మీరు తీసుకెళ్ళండి. ఈ చిరుగు చీరతో నేనెలా రానండీ, అంత పెద్దింటికి?"

"ఆరిళ్ళలో కనబడని చిరుగు ఇక్కడే కనబడుతుందిటమ్మా?" అని గొణుక్కుంటూ వెంకటరత్నమ్మ గారు పిల్లాడి రెక్క పట్టుకుని లోపలికి నడిచింది. సీతారావమ్మ ప్రహరీ గోడ నీడలో నిలబడింది. వరండాలో మాటలు అక్కడికి బాగానే వినిపిస్తున్నాయి.

"ఎవరు ప్రమీలా?" మగ గొంతు విసుగ్గా అడిగింది.

"వారాల పిల్లాడండీ. శనివారం అడుగుతున్నారు."

"మనిల్లేమన్నా సత్రమా? పొమ్మను."

"మీరుండండి. ఏ ఊరు బాబూ మీది?"

"నందిగామండి."

"నాన్నగారేం చేస్తారు?"

"నేను అమ్మ కడుపులో ఉండగానే కాశీ పోయి సన్యాసుల్లో కలిసిపోయారటండి."

సీతారావమ్మ ఊపిరి పీల్చుకుంది. తను నేర్పిన మాటలే. తడబడకుండా అప్పజెప్పాడు.

"సన్యాసుల్లో కలిసేవాడికి పెళ్ళెందుకట?" ప్రమీల గొంతు ఖంగుమంది. "కడుపుతో ఉన్న పెళ్ళాన్ని గాలికొదిలేసి పోయినవాడు మనిషేనా? ఎన్ని గంగల్లో మునిగితే మాత్రం ఆ పాపం పోతుందా? మీరు చెప్పండి!"

పడక్కుర్చీ కిర్రుమంది. "ఎవరి కర్మ వాళ్ళది," అన్నాడాయన.

"కర్మా లేదు, కాకరకాయా లేదు. మనకెలాగూ దేవుడు ఇవ్వలేదు. వారానికొక్క రోజైనా ఇంట్లో పిల్లాడి అలికిడి ఉంటుంది. శనివారం నేను పెడతాను."

"నీ ఇష్టం. వంటింటి వసారాలో వడ్డించు. నా పక్కన మాత్రం విస్తరి వెయ్యకు."

గోడ ఇవతల సీతారావమ్మకి ఒళ్ళు భగ్గున మండింది. పక్కన విస్తరి వేస్తే అరిగిపోతాడా? లోపలికి వెళ్ళి కడిగిపారెయ్యాలనిపించింది. కానీ నోరు చేసుకుంటే పోయేది పిల్లాడి కూడే. శనివారం కుదిరింది, చదువు నిలబడింది. అంతే చాలనుకుని పళ్ళ బిగువున ఊరుకుంది.

"సాధించావమ్మాయ్!" అంటూ వెంకటరత్నమ్మ గారు మొహం చేటంత చేసుకుని వచ్చింది. వెనకే నరసింహం, చేతిలో మామిడిపండుతో.

"ఆవిడ చాలా మంచిదమ్మా! శనివారం పెందలాడే రమ్మంది. ఆవిణ్ణి ఏమని పిలవను?"

"పిన్నీ అను."

"మరి ఆయన్ని?"

సీతారావమ్మ మేడ వంక తిరిగి చూడకుండా కొడుకు చెయ్యి పట్టుకుని నడక సాగించింది.

"ప్లీడరు గారూ అను, చాలు," అంది.

ఆయనే వాడి కన్నతండ్రి.