మింగిన మాత్ర

"మాత్రలు మీరు సరిగ్గానే వేసుకుంటున్నారు. తేడా మీ జన్యువుల్లో ఉంది. అందుకే ఈ మందు మీ ఒంటికి పనిచేయడం లేదు," అంది డాక్టరమ్మ, రిపోర్టు నా ముందు పెట్టి.

మందుల షాపు కౌంటర్లో నిలబడే నేను ఈ నెలలో మూడుసార్లు స్పృహ తప్పి పడ్డాను.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?"

"అమ్మకి. తనకీ ఇదే మందు. నేనే తెచ్చిచ్చేదాన్ని."

"తగ్గిందా?"

"లేదండీ."

"ఈ తేడా మీకు ఆవిడ నుంచే వచ్చి ఉండొచ్చు. ఒకసారి తీసుకురండి, ఆవిడకీ మందు మారుద్దాం."

"మెట్ల మీద పడి చనిపోయిందండీ. ఏడాదైంది."

అమ్మ పడిపోయినప్పుడల్లా విరుచుకుపడేదాన్ని. "మందులమ్మేదాన్ని, నాకు తెలీదా? నిజంగా మింగితే ఎందుకు తగ్గదు? కిటికీలోంచి పారేస్తున్నావు కదూ!"

అప్పట్నుంచీ అమ్మ మాత్ర వేసుకున్న ప్రతిసారీ నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించేది. "చూడవే, మింగాను."

నేను ముఖం తిప్పుకునేదాన్ని.

ఇంటికొచ్చి కొత్త మాత్ర మింగాను. వంటింట్లో అమ్మ కూర్చునే కుర్చీ ముందు నిలబడి నోరు తెరిచాను. నాలుక పైకెత్తాను.