గేటు బయట

“త్వరగా పట్టుకోండి! ఇంకో గంట ఆలస్యమైతే నా చేతుల్లో ఏమీ ఉండదు,” అన్నాడు ఇంజెక్షన్‌తో నిలబడ్డ పశువుల డాక్టరు.

కడుపునొప్పితో చెమటలు కక్కుతున్న ఆడగుర్రం, శిక్షకుడు తాడుతో దగ్గరికొచ్చిన ప్రతిసారీ కంచెకు గుద్దుకుంటూ పారిపోతోంది.

“నీ మొండితనం తగలెయ్య, చచ్చిపోతావే!” అని అరిచాడు శిక్షకుడు.

“మొండితనం కాదు నాన్నా, భయం,” అంది కూతురు. “మీరు బయటికెళ్ళండి.”

“నేనా? పదేళ్ళుగా పెంచినవాణ్ణి!”

“పదేళ్ళూ కొరడాతోనేగా నాన్నా.”

ఆయన తాడు ఆమె చేతికిచ్చి గేటు దాటాడు.

కూతురు తాడు కింద పడేసి ఊరికే నిలబడింది. కాసేపటికి గుర్రం వణుకుతూ వచ్చి ఆమె భుజానికి తల ఆనించింది. డాక్టరు మెల్లగా సూది గుచ్చాడు.

“గండం గడిచినట్టే,” అన్నాడు.

తండ్రి “నా బంగారు తల్లీ” అనబోయి, తన గొంతు గుర్రానికి వినబడుతుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.