మూడున్నర

పిల్లల ఆసుపత్రిలో మందుల మోతాదు లెక్కగట్టే ప్రోగ్రామును పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు మార్చే పని ఆమెకు అప్పగించారు. రెండింటినీ పక్కపక్కన నడిపించి చూస్తే ఒక్కచోట జవాబులు కలవలేదు.

ఏడు మిల్లీలీటర్ల మందును రెండు పూటలకు పంచమంటే కొత్తది పూటకు మూడున్నర అంటోంది. పాతది ఆ అర వదిలేసి మూడే అంటోంది.

పాత ప్రోగ్రాము రాసిన పెద్దాయనే ఇప్పుడు ఆమె పై అధికారి. ఆమె ఈ తేడా రాసిన కాగితం ఆయన ముందు పెట్టింది.

“పన్నెండేళ్లుగా పిల్లలకి మందు తక్కువ పడుతోంది సార్.”

ఆయన చదివి, లేచి వెళ్లి తలుపు వేసి వచ్చారు.

“అప్పట్లో ఆ కంప్యూటర్ భాషే అంతమ్మా, భాగిస్తే అర వదిలేసేది, నేనేం చేసేది? కొత్తదాంట్లో కూడా మూడే వచ్చేలా రాసెయ్. తేడా ఏం లేదని రిపోర్టు ఇచ్చేద్దాం.”

“తప్పని తెలిశాక కూడానా?”

“ఇప్పుడు కెలికితే అందరి మెడకీ చుట్టుకుంటుంది. ఇన్నేళ్లలో ఒక్కరైనా వచ్చి అడిగారా?”

“నేనడిగాను సార్,” అందామె. “మూడేళ్ల కిందట, ఈ ఆసుపత్రిలోనే. మందు వేస్తున్నా మా పాపకి జ్వరం ఎందుకు తగ్గట్లేదని కనిపించిన ప్రతివాళ్లనీ అడిగాను. ఐదో రోజు నుంచి ఇంక అడగాల్సిన పని లేకపోయింది.”